పడమటి కిటికీల పగ

జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో ఛాయాదేవి కొన్నది నాలుగంతస్తుల బిల్డింగ్‌లో అన్నిటికన్నా పై ఫ్లాటు. వాలుకప్పు కింద, పడమటి వైపు రెండు పెద్ద కిటికీలు. ఏప్రిల్‌లో చూడటానికి వచ్చి "ఎంత వెలుగో!" అని మురిసిపోయింది. ఆ వెలుగే జూలైకల్లా మంటై కూర్చుంది. ఆకురాలు కాలంలో సందుల్లోంచి గాలి ఈల వేసింది. చలికాలంలో అద్దాలు లోపలివైపు చెమటలు కక్కి, గోడమూల నల్లగా బూజు పట్టింది.

మార్చేద్దామంటే కుదరదు. ఈ దేశంలో ఫ్లాటు నీదైనా కిటికీ నీది కాదు. బయటికి కనిపించేదంతా బిల్డింగ్‌లో ఇళ్లున్న అందరిదీ. ఏడాదికోసారి మీటింగు పెట్టి ఓట్లు వేస్తేనే దానిమీద చెయ్యి వెయ్యాలి. ఇల్లు కొనుక్కోవచ్చు, పన్నులు కట్టొచ్చు, పిల్లకు ఎండ తగలకుండా చూసుకునే హక్కు మాత్రం ఇంకొకరి చేతిలో ఉంటుంది.

ఆ చెయ్యి రెండో అంతస్తు కెస్లర్‌ది. రిటైరైన పెద్దమనిషి. మెట్లమీద చెప్పుల జత వంకరగా ఉన్నా బెల్లు కొట్టి చెప్పే రకం.

2020 ఆగస్టులో, ఇంటినుంచే ఆఫీసు పని చేస్తున్న రోజుల్లో, పడమటి గదిలో ఆడుకుంటున్న ఎనిమిదేళ్ల కూతురు నవ్యశ్రీకి ముక్కులోంచి రక్తం కారింది. అప్పటినుంచి ఛాయాదేవి కిటికీల చదువులో పడింది. చలికి మూడు పొరల అద్దం కావాలి. ఎండకు అద్దం బయటే జారే షట్టరు కావాలి, ఇక్కడివాళ్లు రోలాడెన్ అంటారు. లోపల కర్టెన్ వేస్తే, ఎండను ఇంట్లో కూర్చోబెట్టి ముసుగు కప్పినట్టే. దాన్ని గడప బయటే ఆపాలి.

సెప్టెంబరు మీటింగుకు బిల్డింగ్‌లోని మిగతా ముసలివాళ్లెవరూ రాలేదు. కరోనా భయంతో తమ ఓట్లన్నీ కెస్లర్ చేతిలో పెట్టారు. ఛాయాదేవి కిటికీలు మార్చాలని అడిగితే, ఆయన అందరి తరఫునా చెయ్యెత్తి వద్దన్నాడు.

"షట్టర్లు పెడితే బిల్డింగ్ అందం చెడుతుంది. అయినా మీది వేడి దేశం కదా ఫ్రావ్ దేవి, మీకు అలవాటే ఉంటుంది."

"మరి చలికాలం బూజు?"

"అది మీ వంటల ఆవిరి."

ఎండకూ ఆమె దేశమే కారణం, చలికీ ఆమె దేశమే కారణం.

ఇంటికొచ్చాక మొగుడు శ్రీచరణ్ నచ్చజెప్పబోయాడు. "పోనీ ఛాయా, ఓ కూలర్ కొందాం."

"కూలర్ వద్దు నాకు. ఆయన మొఖం కావాలె. ఓడిపోయిన మొఖం."

"గింత పగనా?"

"పిల్ల రక్తం తుడిచింది నేను చరణ్. గింతనే ఎట్లయితది?"

వసంతం నాటికి వ్యాక్సిన్లు వచ్చాయి. టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, దొరకడమే గగనం. కంప్యూటర్ ముందు కూర్చొని వెబ్‌సైట్‌తో కుస్తీ పట్టడం ముసలివాళ్ల వల్ల కాలేదు. మొదటి అంతస్తు ముసలావిడ ఫ్రావ్ లిండ్నర్ మెట్లమీద కూర్చొని ఏడుస్తుంటే చూసి, ఛాయాదేవి లాప్‌టాప్ తెరిచింది. లిండ్నర్‌కు టెర్మిన్ దొరికింది. ఆమె చెప్పగా మిగతావాళ్లూ వచ్చారు. ఎవరినీ ఓటు అడగలేదు. మందుకు బేరం పెట్టే రకం కాదామె.

ఓ రోజు బెల్లు మోగింది. నవ్యశ్రీ తలుపు తీసి లోపలికి కేకేసింది. "అమ్మా, నైన్ ఓపా!"

వద్దనే తాత అని పిల్ల పెట్టిన పేరు. గుమ్మంలో కెస్లర్, మాస్కు మీద కళ్లు కిందికి వాల్చుకుని. ఆయనకూ టెర్మిన్ కావాలి. ఛాయాదేవి పుట్టినతేదీ అడిగింది, వెతికింది, ఇప్పించింది.

"ఇయ్యవనుకున్న," అన్నాడు శ్రీచరణ్.

"ఎందుకియ్య? మంచిగ బతకాలె ఆయన. బతికొచ్చి నా ముందల కూసొని ఓడాలె."

అందరికీ రెండో డోసు పడ్డాక, జూన్‌లో ఆమె బిల్డింగ్‌లోని ముసలివాళ్లందరినీ టీకి పిలిచింది. సాయంత్రం నాలుగింటికి, పడమటి గదికి. ఇలాచీ టీ, ఉల్లిపాయ పకోడీ. కప్పు సగం కాకముందే ఫ్రావ్ లిండ్నర్ బ్లౌజు గుండీ వదులు చేసుకుంది.

"అమ్మాయీ, పిల్ల ఇక్కడే పడుకుంటుందా?"

"ఇంకెక్కడ పడుకుంటుంది?" అంది ఛాయాదేవి, ఇంకో కప్పు వేడిగా పోస్తూ.

అక్టోబరు మీటింగు చర్చి హాల్లో. ఛాయాదేవి మళ్లీ కిటికీల మాటే ఓటుకు పెట్టింది. కరోనా రూలు ప్రకారం కిటికీలన్నీ బార్లా తెరిచారు. చలిగాలి దూసుకొస్తోంది. ఈసారి ముసలివాళ్లంతా కోట్లు తొడుక్కుని స్వయంగా వచ్చారు. కెస్లర్ ఒక్కడే పల్చటి స్వెటర్‌లో ఉన్నాడు.

కాసేపటికి ఆయన మీటింగు నడుపుతున్న మేనేజర్ వైపు తిరిగాడు. "ఆ కిటికీ ఒక్కటి మూయిస్తారా?"

మేనేజర్ నోరు తెరిచేలోపు ఛాయాదేవి అందుకుంది. ఏడాదిగా నాలుక కింద దాచుకున్న మాట.

"మీది చలి దేశం కదా హెర్ కెస్లర్. మీకు అలవాటే ఉంటుంది."

ఫ్రావ్ లిండ్నర్ పకపకా నవ్వింది. నవ్వుతూనే షట్టర్లకు సరేనని చెయ్యెత్తింది. ఆమె వెనక ఒక్కొక్కటిగా చేతులన్నీ లేచాయి. కెస్లర్ రెండు చేతులూ చంకల్లోనే ఉండిపోయాయి.

ఛాయాదేవి అడిగింది తన రెండు కిటికీల కోసం మాత్రమే కాదు. పడమటి గోడ మొత్తానికి, అన్ని అంతస్తులకూ మూడు పొరల అద్దం, బయట షట్టరు. కెస్లర్ పడగ్గది కూడా పడమటి వైపే.

వచ్చే వేసవినుంచి ఆయన కూడా మధ్యాహ్నం ఆమె ఎంచిన షట్టరు దించుకుని, ఆమె ఇప్పించిన చల్లదనంలో కునుకు తియ్యాలి. అంతకన్నా పెద్ద శిక్ష ఆమెకు తోచలేదు.