టీచరు గారు ఆగిన చోట

మీరు నమ్మని మాటను, ఎదుటి మనిషి ఒంటరిగా ఉన్నారన్న ఒక్క కారణంతో ఎప్పుడైనా పైకి చదివారా? నేను చదవలేదు. చదవనందుకు చాలాకాలం గర్వపడ్డాను కూడా.

ఈ ఉదయం పెదకాకాని దాటుతుంటే బస్సు కిటికీలోంచి మిరప ఘాటు వచ్చి గొంతు పట్టుకుంది. కల్లాల్లో కాయలు ఆరబోసే రోజులివి. ఏటా ఇదే ఘాటుకు దగ్గుతూ కూడా చర్చిలో ఆరాధన పుస్తకం చదివే కరుణమ్మ టీచరు గారు గుర్తొచ్చారు. మా పల్లెలో మిషన్ బడి టీచరు ఆవిడ. మాకు తెలుగుతో పాటు వాదించడం నేర్పారు. "ఎదుటివాడి మాట ముందు వాడికంటే బాగా నువ్వు చెప్పు. ఆ తర్వాత కొట్టు" అనేవారు. ఆ విద్యతోనే నేను దేవుణ్ణి వదిలేశాను, పత్రికలకు రాయడం మొదలుపెట్టాను. పాస్టరు ఒక వాక్యం చదివితే సంఘం, అంటే గుడిలో కూర్చున్నవాళ్లంతా, ఒక వాక్యంతో జవాబు చెప్పే పాత ఆరాధన క్రమాన్ని చిలకపలుకులని ఎగతాళి చేస్తూ ఒక వ్యాసం అచ్చేయించాను. వారం తిరక్కుండా ఆ కాగితం ఎర్రసిరా గీతలతో పోస్టులో వచ్చింది. అడుగున ఆవిడ దస్తూరీ: "ఎదుటివాడి వాదం లేదు. సగం మార్కులు."

కొన్నేళ్లకు ఊరి చివర రేకుల షెడ్డులో కొత్త మందిరం వెలిసింది. డ్రమ్ములు, కీబోర్డు, మనిషెత్తు సౌండు బాక్సులు. జనం అటు వెళ్లిపోయారు. పాత గుడికి పాస్టరు గారు నెలకొకసారి వచ్చేవారు. మిగతా ఆదివారాలు టీచరు గారు ఒక్కరే. ఒకసారి వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నాను. ముందు బెంచీలో ఆవిడ సంఘం వంతు మాత్రమే చదువుతున్నారు. పాస్టరు వంతు వచ్చినప్పుడల్లా, ఆయన చదవడానికి పట్టేంతసేపు ఆగి, ఎవరూ పలకని మాటకు జవాబు చెబుతున్నారు.

"ఏరా, ఊరికే కూర్చోకపోతే ఆ వంతు నువ్వు చదవొచ్చుగా" అన్నారు, వెనక్కి తిరక్కుండానే.

"నమ్మనిది చదివితే అబద్ధమాడినట్టే గదండీ."

"మీ అమ్మ పోయినప్పుడు పలకరింపుకొచ్చినోళ్లంతా ఒకే మాట అన్నారు. అవీ చిలకపలుకులేనా?"

ఆవిడ వెనక్కి తిరిగి పుస్తకం నా వైపు చాపారు.

"మా ఆయన పోయిన వారం నాకు ఒక్క ప్రార్థనా నోటికి రాలేదురా. ఆ షెడ్డులో సొంతంగా చెయ్యమంటారు. నా దగ్గరేముంది సొంతంగా? ఈ పుస్తకంలో నాకంటే ముందు ఏడ్చినోళ్లున్నారు. వాళ్లన్నదే నేనూ అన్నాను."

నా వ్యాసంలో లేని వాదం అదే. అర్థమైంది కూడా. అయినా పుస్తకం అందుకోలేదు. ఆవిడ మళ్లీ చదవడం మొదలుపెట్టి, మళ్లీ ఆగారు. ఆ నిశ్శబ్దానికి నా ఒక్క గొంతు సరిపోయేది. ఇవ్వలేదు. ఆ వానాకాలంలోనే ఆవిడ పోయారు.

కిందటేడు సలోమి అనే అమ్మాయి ఫోన్ చేసింది. మిరప కోల్డ్ స్టోరేజీలో కంప్యూటర్ పని చేస్తుందట. తనూ, మరో ముగ్గురూ ఆ షెడ్డు మందిరం వదిలి పాత గుడికి తిరిగొచ్చారట.

"అక్కడ వారం వారం కన్నీళ్లు రావాలి సార్. రాకపోతే విశ్వాసం తక్కువంటారు. ఇక్కడ ఏడుపు రాకపోయినా చెప్పుకోడానికి మాట ఉంటుంది. పాస్టరు గారు లేని వారం టీచరు గారు ఎలా చదివేవారో మీరొక్కరే విన్నారంటగా?"

వెళ్లాను. పాస్టరు వంతు చదివాను. నాలుగు గొంతులు జవాబు చెప్పాయి. నాకు దేవుడు కనిపించలేదు, కనిపించాడని రాయను. ముందు బెంచీ మాత్రం ఖాళీగా కనిపించింది. ఆవిడకివ్వాల్సిన గొంతును ఆలస్యంగా వేరేవాళ్లకిచ్చాను. అది ఆవిడకు చేరుతుందని సర్దిచెప్పుకునే వీలు కూడా నాలాంటి హేతువాదికి లేదు.

మీ ఊళ్లోనూ ఒకరుంటారు, గుళ్లోనో మసీదులోనో ఇంటి వరండాలోనో, ఎవరైనా పలుకుతారేమోనని ఆగుతూ. ఈ వారమే వెళ్లండి. మీ అవిశ్వాసాన్ని వెంటే తీసుకెళ్లండి, అదేం అడ్డురాదు. వాళ్లు పుస్తకం చాపితే అందుకోండి. చదవండి.