పెద్దవ్వ రెండో నోటుబుక్కు

మొన్న ధర్మపురి నుంచి ఒక స్నేహితుడు తను రాసిన వ్యాసం ఫోనుకు పంపి, జర దిద్దిపెట్టమన్నాడు. నేను బజారుకు పోయి దాన్ని ప్రింటు తీయించుకొచ్చి, పెన్సిల్ చెక్కుకుని కూర్చున్నాను. "కంప్యూటర్లనే దిద్దొచ్చు గద బాపూ, గీ కాగితాలెందుకు దండుగ?" అని నా బిడ్డ నవ్వింది. కళ్లు గుంజుతున్నాయని అబద్ధమాడాను. అసలు కారణం మా పెద్దవ్వ.

పెద్దవ్వ అంటే మా అవ్వకు, అంటే అమ్మకు, అక్క. ఆమె భర్త, మా పెద్దబాపు, బొగ్గుబాయిలో పనిచేసేవాడు. ఒకనాడు పొద్దుటి షిఫ్టుకు గనిలోకి దిగి తిరిగి రాలేదు. ఆమె చదివింది అయిదో తరగతి. అరవై దాటాక, ఏం బుద్ధి పుట్టిందో, తన కాపురం సంగతులన్నీ రెండు నోటుబుక్కుల నిండా రాసింది. నేను కరీంనగర్‌లో తెలుగు పంతుల్ని కదా, "తప్పులుంటె దిద్దు కొడుకా, అచ్చేపిద్దాం" అని నా చేతిలో పెట్టింది.

మొదటిదాన్ని బొగ్గుబాయి కాలనీలో ఆమె ఇంట్లోనే, ఆమె పక్కన కూర్చుని ఎర్రపెన్నుతో దిద్దాను. అది దిద్దడం కాదు, కొట్లాట. ఒక మాట మీద గీత పడితే చాలు, ఒలుస్తున్న చిక్కుడుకాయలు పక్కన పెట్టి వంగి చూసేది. "దాన్నెందుకు కొట్టేస్తున్నవ్? గదేం పాపం జేసింది?" కొట్టేసిన మాటల్లో సగం మళ్లీ బతికించేవాణ్ణి. అట్లా నాలుగు ఆదివారాలు పోయాయి. నాకు విసుగొచ్చింది.

రెండోదాన్ని టైపు చేసే దుకాణంలో ఇచ్చి, కంప్యూటర్లోకి ఎక్కించుకుని, ఇంట్లో ఒక్కణ్ణే కూర్చున్నాను. అడిగేవాళ్లు లేరు. 'వచ్చిండు' అన్నచోటల్లా 'వచ్చాడు' అని మార్చమంటే రెప్పపాటులో మారిపోయింది. తర్వాత 'పోయిండు', 'రాలే'. చెయ్యి ఊరుకోక వాక్యాలు కూడా సాపు చేశాను. పాత మాట ఆనవాలైనా లేకుండా పేజీ కడిగిన పళ్లెంలా మెరిసింది. సిగ్గులేకుండా సంబరపడ్డాను. దుకాణంలో ఉన్న నోటుబుక్కు తెచ్చుకోవాలని కూడా తోచలేదు.

పుస్తకం అచ్చయింది. పెద్దవ్వ అక్షరాల కింద వేలు పెట్టి చదువుతూ ఒకచోట ఆగింది. పెద్దబాపు చివరిరోజు వాకిట్లో నిలబడి ఆమెతో అన్న మాట అది. "నేను వెళ్ళివస్తాను, నువ్వు భోజనం చేసెయ్యి" అని ఉంది.

"గిట్ల మాట్లాడేటోడు గాదు మీ పెద్దబాపు" అంది. "గీయనెవరో నాకు తెల్వది."

"ఏమన్నడో చెప్పు పెద్దవ్వా, మార్పిస్త" అన్నాను. నాకు గుర్తులేదు, నేను దాన్ని చదవనేలేదు, మార్చానంతే. ఆమె చాలాసేపు కళ్లు మూసుకుంది.

"యాదికొస్తలేదు కొడుకా. నువ్వు రాసిందే చెవులల్ల మోగుతంది."

తిట్టినా బాగుండేది. మర్నాడు దుకాణానికి పరుగెత్తితే, అక్కడ చెప్పులమ్ముతున్నారు. టైపు చేసినతను ఆసిఫాబాద్ పోయాడంటే అక్కడిదాకా పోయాను. కంప్యూటర్ అమ్మేశానని, పాత కాగితాలు తూకానికేశానని చెప్పి, నా మొహం చూసి అతనే బాధపడ్డాడు. నా దగ్గరున్న ప్రతిలో నేను మార్చిన మాటలే ఉన్నాయి.

తిరిగొచ్చి పెద్దవ్వ పుస్తకంలో ఆ వాక్యాన్ని పెన్సిల్‌తో కొట్టేసి, యాదికొస్తే పైన రాయమన్నాను. రెండేళ్లకు ఆమె పోయింది. ఆ పుస్తకం నాకిచ్చారు. కొట్టేసిన వాక్యం పైన, ఆమె చేతిరాతతో ఉంది: "ఏదో అన్నడు. నవ్వుకుంట అన్నడు."

ఇది రాస్తున్నప్పుడు కూడా నా చెయ్యి పుస్తకాల భాషకే పోతోంది. ఏళ్లు గడిస్తే సిగ్గు పలచబడుతుందనుకున్నాను. ఏడాదికేడాది, ఆ పొద్దున పెద్దబాపు ఏమని ఉంటాడా అన్న ఆలోచనే పెరుగుతోంది.