ఆఖరి సైలో ఖాళీ చేసిన రోజు

కరోనాకు ముందు సంవత్సరం. ఒమన్‌లో సూర్ వెళ్ళే తీరపు దారిలో ఒక పాత పిండి మిల్లు ఉండేది. నేను అందులో ఫిట్టర్‌ని. మాది అమలాపురం దగ్గర పల్లె. ఓడల్లో వచ్చిన గోధుమలను సైలోల పైకి తోడే బకెట్ ఎలివేటర్ నా బాధ్యతలో ఉండేది. నిలువుగా తిరిగే బెల్టుకు వరసగా డబ్బాలు బిగించి ఉంటాయి, అంతే. సైలో అంటే ఆకాశమంత ఎత్తు కాంక్రీటు గాదె. పైనుంచి గింజలు పోస్తారు, అడుగున గేటు తీసి దింపుకుంటారు.

దూరంగా కొత్త రేవులో పెద్ద మిల్లు వచ్చాక ఓడలు మా వైపు రావడం మానేశాయి. మొత్తం కూల్చేయాలన్నారు. ఏళ్ళ తరబడి గ్రీజు పెట్టి కాపాడుకున్న ఎలివేటర్‌ను నేనే ముక్కలుగా విప్పాను.

సైలోల లోపల గోడలు గీకి శుభ్రం చేసే డ్యూటీ మల్లేశానిది. జగిత్యాల వైపు మనిషి. నాకంటే పెద్దవాడు, నన్ను తమ్మీ అనేవాడు. ఇద్దరిదీ ఒకే రూమ్.

ఆఖరి సైలోలో గేటు తీసినా గింజ రాలడం ఆగిపోయింది. కూల్చే కంపెనీ ఫోర్‌మన్ పైమూత దగ్గర నుంచి టార్చి వేసి చూసి, ఖాళీ, లోపలికి దిగొచ్చు అని పర్మిట్ రాశాడు. అడుగున కనిపించిన బూజు పొరను తవ్వడానికి మల్లేశాన్ని నడుముకు తాడు కట్టి దింపారు. తేమకు గింజలు గట్టకట్టి కప్పులా నిలబడి, కింద బోలుగా ఉండిపోతాయి. మా పనిలో దాన్ని బ్రిడ్జింగ్ అంటారు. మల్లేశం నిలబడ్డది అలాంటి కప్పు మీదే. అది విరిగింది.

నేను కింద మోటారు విప్పుతున్నాను. కేకలు విని పైకి పరిగెత్తాను. మల్లేశం ఛాతీ వరకూ గోధుమల్లో ఉన్నాడు. నలుగురు తాడు లాగుతున్నారు. నడుము తెగిపోతోందని అతను అరుస్తున్నాడు. అంత లోతున గింజ సిమెంటులా పట్టేస్తుంది. ఫోర్‌మన్ గేటు పూర్తిగా తెరవమన్నాడు. తెరిస్తే గింజతో పాటు మనిషీ దిగిపోతాడని చెప్పి ఆపించాను. అతని చుట్టూ చెక్కలు దింపి, మధ్యలో గింజ తోడేయడమొక్కటే దారి. నేనూ తాడు కట్టుకుని దిగాను.

"నేలనే అనుకున్న తమ్మీ. గట్టిగనే ఉండె," అన్నాడు.

మాట్లాడొద్దు, ఊపిరి దాచుకో అన్నాను. మూడు వైపులా చెక్కలు నిలిపాను. బకెట్టుతో తోడుతుంటే అతని మోచేతులు బయటపడ్డాయి. ముఖంలో కాస్త రంగు వచ్చింది.

"ఇంటికి ఎవ్వలు ఫోన్ చెయ్యకుండ్రి. బయటికొచ్చినంక నేనే మాట్లాడుత."

సరే అన్నాను. నాలుగో చెక్క అందుకోవడానికి పైకి చూశాను. గోడకు అంటుకున్న గోధుమ పెళ్ళగా ఊడింది. నన్ను పైవాళ్ళు తాడుతో లాగేశారు. దుమ్ము అణిగేసరికి కింద గింజ సమంగా పరుచుకుని ఉంది. అతని తాడు బిగుసుకుని అందులోకే దిగి ఉంది.

సైలో గోడకు కన్నం కొట్టి, సాయంత్రానికి శవాన్ని తీశారు.

జగిత్యాలకు నేనే ఫోన్ చేశాను. మల్లేశం మునిగిపోయాడని అతని భార్యకు చెప్పాను. నీళ్ళలోనా అని అడిగింది. కాదు వదినా, గోధుమల్లో అన్నాను.

"గింజల మునుగుడేంది తమ్మీ? మేం గూడ వడ్లు పండిస్తం. మా పిల్లలు కుప్పల మీదనే ఆడుతరు."

మళ్ళీ వివరంగా చెప్పాను. ఆమెకు నమ్మకం కలిగిందో లేదో నాకిప్పటికీ తెలియదు.

తర్వాత సైలోలను కూల్చేశారు. ఆ చోట ఇప్పుడు కార్లు నిలుపుతున్నారు. నేను ఒమన్‌లోనే, నిజ్వాలో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో ఉన్నాను. నీళ్ళ ట్యాంకుల్లోకి, సిమెంటు సైలోల్లోకి మనుషులు దిగే పని తరచూ పడుతుంది. ఖాళీ అని ఎవరైనా అంటే, ఎక్కడ నిలబడి చూశారని అడుగుతాను. పైనుంచి అంటే ఎవర్నీ దిగనివ్వను. పని ఆలస్యమవుతోందని సైట్‌లో విసుక్కుంటారు. వాళ్ళతో వాదన పెట్టుకోను. అడుగు తలుపు తీయించి, నేనే వంగి లోపలికి చూస్తాను.