మామయ్య కాపలా కాసిన తెల్లగోడ

మొన్న మిర్చి యార్డు రోడ్డులో ఆటో దిగి తలెత్తితే, ఓ ఫ్లెక్సీ నిండా వరసలు వరసలుగా ముఖాలు, ఉన్న రంగులన్నీ. ఎంత చదివినా అది పెళ్లికో పురుగుమందుకో అర్థం కాలేదు. ఒళ్లు మండింది.

గోడలన్నీ చేత్తో రాసిన రోజులు మన తరానికి గుర్తే. అప్పట్లో బోర్డులు రాసి బతికే నేను గుంటూరులో పాత కాగితాల కొట్లో దొరికిన ఓ విదేశీ పత్రికలో, పోస్టర్లు రాసే ఓ పద్ధతి గురించి డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. జర్మనీ, రష్యాల్లో మొలకెత్తి, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత స్విట్జర్లాండ్‌లో కుదురుకున్న పద్ధతట అది. ఒకే కాగితం మీద మూడు భాషలవాళ్లకు చెప్పాల్సిన దేశం కనుక తోకలూ కుచ్చులూ లేని అక్షరాలు, ముందే గళ్లు గీసుకుని ఎడమ అంచుకు ఆనించిన వరసలు, ఒక్కటే బొమ్మ, మిగతాదంతా తెలుపు. ఆ తెలుపే చూపును మాట దగ్గరికి నడిపిస్తుందన్నది అసలు సూత్రం. మన ఒత్తులు కిందికి దిగుతాయి కనుక వరస కింద ఓ గడి అదనంగా వదలడం మాత్రం నా సొంతం.

ఆ రోజుల్లోనే మా మేనమామ యార్డు దగ్గర కమీషన్ కొట్టు పెడుతూ రోడ్డువైపు గోడ నాకప్పగించాడు. అది నిలబడితే ఆ వరస కొట్లన్నీ నావే, లేకుంటే మళ్లీ అందరిలా నీడ అక్షరాలూ తామరపువ్వులే గతి. పిడుగురాళ్ల సున్నం కొట్టించి, ఎడమన నల్లగా కొట్టు పేరు రాసి, దాని కింద ఏటవాలుగా ఒక్క ఎర్ర మిరపకాయ వేసి నిచ్చెన దిగాను.

"ఏరా, రంగు అయిపోయిందా? సగం గోడ వదిలేశావు!" అన్నాడు మామయ్య. హమాలీలు పకపకా నవ్వారు.

"యార్డులో కొత్త కాయ దిగేదాకా ఉండనీ మామయ్యా, అప్పటికీ నచ్చకపోతే నేనే చెరిపేస్తా."

తెల్లారేసరికి, జాగా ఖాళీగా ఉంది కదా అని, ఎవరో సినిమా పోస్టర్లు అంటించేశారు. తడిపి గీకి మళ్లీ సున్నం వేస్తే మళ్లీ అంటించారు, మళ్లీ గీకాను. ఈలోగా కాయ దిగింది. ఒంగోలు వైపు నుంచి లారీల్లో వచ్చిన రైతులు మలుపులోనే గోడను గుర్తుపట్టి, ఒంటి మిరపకాయ కొట్టు అని ఒకరికొకరు చెప్పుకుంటూ నేరుగా రాసాగారు. ఆ తర్వాత ఓ ఉదయం, మైదా జిగురు బకెట్టుతో వచ్చినవాణ్ణి మామయ్య చేతికర్రతో అడ్డగించడం కళ్లారా చూశాను.

"ఒరేయ్, ఖాళీ అనుకుంటున్నావేంట్రా? అది నా బోర్డు!"

ఆ వరస గోడలన్నీ నేనే రాశాను. ఆ పద్ధతి పాతబడిందంటే ఈనాటికీ ఒప్పుకోను. గళ్లు ఇప్పుడు కంప్యూటరే గీసిపెడుతుంది, అయినా జానెడు తెలుపు మిగిలితే ఇంకో ముఖం ఇరికిస్తారు. మొన్నటి ఆ ఫ్లెక్సీ కట్టింది మామయ్య గోడకే. దాని అంచు కాస్త ఎత్తి చూశాను. వెనక సున్నం ఇంకా తెల్లగానే ఉంది, కర్ర పట్టుకుని అడ్డం నిలబడేవాళ్లే లేరు.