వంతెన కింద చూసే మనిషి

మా ఆయనకి ఫ్లోరెన్సు పిచ్చి. ఇటలీలో అదొక పాత ఊరట. యుద్ధంలో మందుపాతరలు ఏరే దళంతో వెళ్ళి అక్కడ కొన్ని నెలలున్నారు. పెళ్ళయి ఏలూరులో కాపురం పెట్టిన కొత్తలో, అన్నం వడ్డిస్తుంటే ఆ కబుర్లే. అక్కడ రొట్టెలో ఉప్పు వెయ్యరట. కాఫీ కొట్లో నిలబడే తాగేసి పోతారట. ఉతికిన బట్టలు ఈ మేడకీ ఆ మేడకీ తాడు కట్టి వీధికి అడ్డంగా ఆరేస్తారట.

"ఉప్పులేని రొట్టె ఎలా తిన్నారండీ, ఖర్మ కాకపోతే!" అంటే, "అలవాటైతే అదే బాగుంటుందే," అనేవారు.

అన్నిటికన్నా ఆయనకి నచ్చింది సాయంత్రపు షికారు. పొద్దువాలగానే అక్కడ ఆడా మగా మంచి బట్టలు కట్టుకుని, పనేమీ లేకుండా నది ఒడ్డున నడుస్తారట. మనమూ నడవాలన్నారు. అదీ నేను వెనకాల కాదు, పక్కన. ఆ రోజుల్లో ఏలూరు కాలవగట్టు మీద మొగుడి పక్కన నడవడమంటే మాటలా! "దొరగారూ దొరసానిగారూ బయల్దేరారర్రోయ్!" అని అరుగుల మీంచి నవ్వేవారు. సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. కొన్నాళ్ళు పోయేసరికి నాకే సాయంత్రమైతే కాళ్ళు ఆగేవి కావు. జడలో మల్లెలు తురుముకుని గుమ్మంలో సిద్ధంగా ఉండేదాన్ని.

వంతెన దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆయన మాట ఆగిపోయేది. నన్ను గట్టు మీద నిలబెట్టి, పంచె ఎగగట్టి, కిందికి దిగి ప్రతి స్తంభం మొదలూ చూసేవారు. రోజూ దాటే వంతెనే. రోజూ చూసేవారు. మొదట్లో నవ్వొచ్చేది. ఓసారి ఎందుకని అడిగేశాను.

"ఆ ఊళ్ళో నది మీద పాత వంతెనలుండేవి. జనం వాటి మీదే షికారు చేసేవారట. శత్రువులు పోతూ పోతూ ఒక్కటి తప్ప అన్నీ పేల్చేశారు. మా జట్టులో తాడేపల్లిగూడెం వాడొకడుండేవాడు. ఊరవతల చిన్న వంతెన. నేనింకా కింద మందుపాతరలున్నాయేమోనని చూస్తూనే ఉన్నాను. 'ఏం కాదులేవోయ్' అని నవ్వి ముందు నడిచాడు. చప్పుడయ్యాక తలెత్తి చూస్తే వాడు లేడు."

అప్పట్నించీ ఆయన కిందికి దిగితే నాకు నవ్వొచ్చేది కాదు.

ఆ ఏడు వానాకాలంలో, కొల్లేటి ఒడ్డునున్న మా పుట్టింటి నుంచి తమ్ముడు పరిగెత్తుకొచ్చాడు. "అమ్మకి బాగాలేదక్కా. నిన్నే కలవరిస్తోంది. సాయంత్రం దాకా ఉంటుందో ఉండదో!" కట్టుబట్టలతో ముగ్గురం బయల్దేరాం. బస్సు దిగి, బురదలో నడిచి, ఊరి ముందున్న కర్రవంతెన దగ్గరికొచ్చాం. అవతల మా ఇంటి తాటాకు కప్పు కనిపిస్తూనే ఉంది. కాలవ ఎర్రనీళ్ళతో వంతెన చెక్కల దాకా పొంగింది.

ఆయన దిగి చూశారు. "స్తంభాలు కనబడటం లేదు. వద్దు," అన్నారు.

చేపల తట్టలు నెత్తిన పెట్టుకుని ఇద్దరు ఆడవాళ్ళు మా ముందే దాటిపోయారు. తమ్ముడూ దాటేసి అవతల నుంచి కేకేశాడు. "రండి బావగారూ, ఏం కాదండీ!"

ఆ మాట వింటూనే ఆయన నా మణికట్టు పట్టుకున్నారు.

"మా అమ్మండీ! మీకు దణ్ణం పెడతాను, వదలండి!" ఏడ్చాను, తిట్టాను, గోళ్ళతో రక్కాను. వదల్లేదు.

చుట్టూ తిరిగి, దోనె ఒకటి దొరికించుకుని వెళ్ళేసరికి దీపాలు పెట్టేవేళ దాటింది. అమ్మ అప్పటికే పోయింది. "ఇందాకటి దాకా గుమ్మం వైపే చూసింది తల్లీ," అంది పెద్దమ్మ.

పెద్దకర్మ అయ్యాక తిరిగి బయల్దేరాం. నీళ్ళు తగ్గాయి. వంతెన చెక్కుచెదరలేదు. దాన్ని చూస్తుంటే ఒళ్ళు మండిపోయింది. ఆయన అలవాటుగా కిందికి దిగారు. నేను ఆగలేదు. "ఏం కాదులెండి!" అని పెడసరంగా నవ్వి ముందు నడిచాను. నడిమధ్యకి వెళ్ళి, కావాలనే నిలబడి వెనక్కి చూశాను.

ఆయన మోకాలిలోతు నీళ్ళలో, కళ్ళు గట్టిగా మూసుకుని, రెండు చేతులతో చెవులు మూసుకుని నిలబడి ఉన్నారు. చప్పుడు కోసం ఎదురుచూస్తున్నారు.

వెనక్కి వెళ్ళి నీళ్ళలోకి దిగాను. చెవుల మీంచి ఆయన చేతులు తీశాను. "నేను ఉన్నానండీ," అన్నాను. నన్ను చూసి భోరున ఏడ్చారు.

ఏలూరు వచ్చాక మళ్ళీ షికారుకెళ్ళేవాళ్ళం. ఆయన కిందికి దిగేవారు, నేను గట్టు మీద నిలబడేదాన్ని. ఎప్పుడూ తొందరపెట్టలేదు. కానీ అమ్మ ఆఖరి చూపు దక్కనివ్వలేదన్న కోపం మాత్రం పోలేదు. ఆయనే పోయారు, అది ఇంకా పోలేదు.