స్వరూప కాలు వాచిందని నాకు తెలుసు

ఈ బరువును ఇన్నేళ్లు మోశానని చెప్పబోయి ఆగాను. మోసినవాళ్లకు భుజం నొప్పి పుట్టాలి కదా. నాకు పుట్టలేదు. ఏడాదిలో చాలా నెలలు అది నాలో ఉన్నట్టే తెలిసేది కాదు. తంగేడు పూసే రోజుల్లో మాత్రం, వీధిలో ఆడవాళ్లు పూలు మోసుకుపోతుంటే, గొంతుకు ఏదో అడ్డం పడేది. రెండు గుక్కల నీళ్లు తాగితే దిగిపోయేది. అంత తేలిగ్గా దిగిపోయేదాన్ని బరువు అనొచ్చా? అయినా అదే మాట వాడతాను. ఇంకో మాట నాకు దొరకలేదు.

నేనెవరో చెప్పను. జనగామలో ఆడవాళ్ల డాక్టర్ని అని తెలిస్తే మీకు చాలు. పుట్టింది డోర్నకల్‌లో. బాపు రైల్వేలో పనిచేసేవాడు. హైదరాబాద్‌లో చదివే రోజుల్లో నేను నోరు విప్పితే కోస్తా సీనియర్లు నవ్వేవాళ్లు. ఏంది, ఎట్ల అంటూ నన్ను అనుకరించి మరీ నవ్వేవాళ్లు. వీళ్లంతా ఒకనాడు నా పేరు అచ్చులో చదవాలి, నోరు మూసుకుని చదవాలి అని అప్పుడే పంతం పట్టాను. ఆ పంతం మంచిదేనని చాలాకాలం నమ్మాను.

మా వైపు ముట్టు ఎక్కువైన ఆడదానికి గర్భసంచి తీసేయడం పన్ను పీకినంత మామూలైపోయింది. పిల్లలు పుట్టారుగా, ఇంక అదెందుకు అంటారు. ముప్పై నిండకుండానే తీయించుకున్నవాళ్లు నా దగ్గరికి నడుం పట్టుకుని వచ్చేవాళ్లు. ముట్టు రోజుల్లో రక్తస్రావం తగ్గించే మాత్ర ఒకటి ఉంది. దాన్ని పద్ధతిగా వాడితే ఎంతమందికి ఆపరేషన్ తప్పుతుందో చూడాలన్నదే నా పరిశోధన. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడుచోట్లా ఆడవాళ్లను చేర్చుకున్నాం. మూడింటికీ నేనే పెద్దను. పని మంచిదే. ఇప్పటికీ ఆ మాటే అంటాను.

ఆ మాత్ర పనిచేసేది ఎలాగంటే, కట్టిన రక్తపు గడ్డను తొందరగా కరగనివ్వదు. అందుకే హార్మోన్ మాత్రలు వేసుకునేవాళ్లకు దాన్ని ఇవ్వకూడదు. రెండూ కలిస్తే కాలి రక్తనాళంలో రక్తం గడ్డకట్టవచ్చు. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరితే మనిషి దక్కదు. మా పరిశోధనకు ఈ నియమం రాసింది నేనే.

ఇక మా ఆడవాళ్ల సంగతి. బతుకమ్మ వస్తోందంటే ముట్టు వాయిదా పడే మాత్రలు మింగుతారు. ముట్టైతే పూలు తాకకూడదు, పసుపు గౌరమ్మను చేయకూడదు, ఆటలో కలవకూడదు. ఏడాదికోసారి వచ్చే పండుగకు మూలన కూర్చోవడం ఎవరికిష్టం? మెడికల్ షాపులో అడిగితే ఇచ్చేస్తాడు. పండుగ గోలీ అంటారు. పసుపు కుంకుమల్లాగా అదీ పండుగ సామానే, ఎవరూ దాన్ని మందు కింద జమకట్టరు. మా అమ్మ నాకూ వేయించింది. డాక్టరయ్యాక నేనే కొనుక్కుని వేసుకున్నాను. కాబట్టి నాకు తెలియదని అనడానికి లేదు.

వేరే మందులు వాడుతున్నారా అని అడిగితే మా ఆడవాళ్లు లేదనే అంటారు. పండుగ గోలీ వేసుకుంటారా అని విడిగా అడగాలి. అడిగితే చాలామంది అవుననేవాళ్లు. అవునన్నవాళ్లను చేర్చుకోకూడదు. చేర్చుకోకపోతే పరిశోధనకు మనుషులే మిగలరు. అందుకని ఆ ప్రశ్న అడగొద్దని నర్సులకు చెప్పాను. కాదు, అంత సూటిగా చెప్పే దమ్ము నాకెక్కడిది? ఉన్న ప్రశ్నలు చాలు, కొత్తవి తవ్వొద్దన్నాను. వాళ్లు నా ముఖం చూశారు, అర్థం చేసుకున్నారు. పండుగకు ముందు నేనే అందరినీ హెచ్చరిస్తాలే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. హెచ్చరించానా? లేదు.

ఆమె పేరు మారుస్తున్నాను. స్వరూప అందాం. తరిగొప్పుల అవతల పల్లె. భర్త వ్యవసాయం, ఒక్కతే కూతురు. సంచి తీయించుకొమ్మని అత్త పోరుతుంటే తప్పించుకోవడానికి మా పరిశోధనలో చేరింది. డాక్టరమ్మ మన లెక్కనే మాట్లాడుతది అని ఊరంతా చెప్పి, పక్కింటివాళ్లను కూడా వెంటేసుకొచ్చింది. నా యాసను చూసి నవ్వినవాళ్ల మీద నాకు ఎంత కోపమో, దాన్ని చూసి నన్ను నమ్మినవాళ్లు నాకంత అక్కరకొచ్చారు.

బతుకమ్మ ఆటలు సాగుతుండగా ఒకరోజు వచ్చింది. చీర కొంచెం ఎత్తి కాలు చూపించింది.

"ఈ పిక్క జర గుంజుతాంది డాక్టరమ్మా. నిన్నటి సంది వాచింది గూడ."

ఒక్క కాలే వాచింది. చెయ్యి వేసి చూశాను, వెచ్చగా ఉంది. నేను ఏమీ అడగకముందే తనే చెప్పింది.

"తిట్టొద్దు మరి. ఈ తాప ముట్టు ఆగుతనే లేదు. పండుగేమో నెత్తి మీదికొచ్చె. మీ గోలీతోని పండుగ గోలీ గూడ ఏసుకుంటున్న. ఏం గాదు గద?"

నాకు అప్పటికే అంతా అర్థమైంది. విద్యార్థి కూడా పోల్చుకోగల జబ్బు అది. రెండు గోలీలూ ఆపించి, అప్పటికప్పుడు వరంగల్ పంపి స్కాన్ చేయించాలి. కానీ పంపితే పరిశోధన మీద కన్నేసి ఉంచే కమిటీకి తెలపాలి, తెలిపితే పరిశోధన ఆగుతుంది, ఆగితే ఆ ప్రశ్న ఎందుకు అడగలేదని నన్ను నిలబెట్టి అడుగుతారు. పని చివరికొచ్చింది. పెద్ద డాక్టర్ల సభలో ఆ ఫలితాలు చదవడానికి నాకు పిలుపు వచ్చి ఉంది. ఇదంతా ఆమె పాదం నా చేతిలో ఉండగానే ఆలోచించాను.

"నాకైతె చెప్పినవ్, ఇంకెవ్వలకు చెప్పకు," అన్నాను. ఆపైన ఎగతాళి కూడా చేశాను. "తంగేడు పువ్వు కోసం గుట్టలన్ని తిరిగితే పిక్క గుంజదా మల్ల? పండుగ అయినంక రా, చూస్త."

ఆమె పకపకా నవ్వింది.

"మీరు చెప్పినంక నాకింక భయమేంది," అంటూ చెప్పులేసుకుంది.

గోలీలు ఆపమని ఒక్క మాటైనా అన్నానా? ఎన్నోసార్లు గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను, అన్నట్టు గుర్తొస్తే బాగుండని. అనలేదు. ఆపమంటే ఎందుకని అడిగేది. ఎందుకో చెబితే తిరుగుబస్సు దిగేలోపు ఊరంతటికీ తెలిసేది. కుంటుకుంటూ పోతున్నదాన్ని కిటికీలోంచి చూసి, తర్వాతి మనిషిని లోపలికి పిలిచాను.

పండుగ ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు పొద్దున పూలు పేరుస్తూ ఆయాసమంటూ కూలబడింది. దవాఖానకు తెచ్చేలోపే ప్రాణం పోయింది.

నేను వెళ్లాను. పెద్ద డాక్టరమ్మ ఇంటికొచ్చిందని ఆ దుఃఖంలోనూ కుర్చీ వేశారు. అత్త నెత్తి కొట్టుకుంటూ, "ముట్టును గోలీలతోని ఆపి గౌరమ్మ తల్లిని మోసం చెయ్యబోయింది. తల్లి ఊకుంటదా? కొట్టింది," అని అరిచింది. అందరూ నా వైపు చూశారు. అప్పుడు నేను అన్న మాట ఇది. "గందుకే గా గోలీలు ఏసుకోవద్దని మేం మొత్తుకునేది."

ఆ మాటను ఇన్నేళ్లు నాలో నేను తిప్పి తిప్పి చూసుకున్నాను. నా గోలీ పేరు అందులో లేదు. అత్త మాటకు డాక్టరు సాక్ష్యం దొరికింది. చచ్చిపోయినది చెప్పిన మాట విననిదైపోయింది. ఇంత కొంచెంలో ఇంత పని చేసిన వాక్యం నా వ్యాసాల్లో ఒక్కటి కూడా లేదు. గడప పక్కన ఆమె కూతురు, బడికి పోయే చిన్నపిల్ల, ఒడిలో బంతిపూలు పెట్టుకుని నన్నే చూస్తూ వింది.

గుండె ఆగి పోయిందని, మా మందుకు సంబంధం లేదని పైకి తెలిపాను. శవాన్ని కోయవద్దని ఇంటివాళ్లు ఏడ్చారు, నేను బలవంతం చేయలేదు. కాబట్టి ఆమె ఎందుకు చచ్చిందో ఎవరూ రుజువు చేయలేరు. ఆ సందేహాన్ని ప్రసాదంలా కళ్లకద్దుకున్నాను. సభలో చదివాను, చప్పట్లు కొట్టారు. ఆ మాత్ర వల్ల ఎంతోమందికి ఆపరేషన్ తప్పింది, అది నిజం. ఆ నిజాన్ని స్వరూప మీద దుప్పటిలా కప్పాలని చూశాను. పాదాలు బయటే ఉండేవి.

ఇక్కడితో అయిపోతే మీకు రాసేదాన్ని కాదు. ఈమధ్య స్వరూప కూతురు నా గదిలోకి వచ్చింది. పెళ్లీడు పిల్ల. వెంట నాయనమ్మ. తల్లికి ఉన్న బాధే, నెలనెలా నెత్తురు ఆగకుండా పోతోంది. కనురెప్ప కిందికి లాగి చూస్తే తెల్లగా సున్నం కొట్టినట్టుంది. నడిస్తే కళ్లు తిరుగుతున్నాయట. పరీక్షలన్నీ చూసి అదే మాత్ర రాయబోయాను. ఈ పిల్లకు దాని వల్ల ప్రమాదం లేదు. నెలల్లో తేరుకుంటుంది.

పిల్ల చేతులు వెనక్కి తీసుకుంది. గోలీలు మింగే పాపం మా అమ్మ చేసింది, నేను చెయ్యను అంది. బతుకమ్మ దగ్గరికి కూడా పోదట, గౌరమ్మకు కోపం వస్తుందని. చెప్పిన మాట వింటుంది మా పిల్ల అని నాయనమ్మ మురిసిపోయింది.

ఒక్క మాట చాలు. మీ అమ్మ పాపం చేయలేదు బిడ్డా, కాలు చూసి కూడా నేను ఊరుకున్నాను అనాలి. నోరు తెరిచాను. బయట జనం వరుసలో ఉన్నారు, పక్కన నర్సు ఉంది, గోడ మీద నాకిచ్చిన మెడల్ ఫొటో ఉంది. రక్తం పట్టడానికి టానిక్ రాశాను. మా అమ్మను చివరిసారి చూసిన డాక్టరమ్మ మీరేనట గదా అని ఆ పిల్ల వంగి నా కాళ్లకు మొక్కింది. ఆ తర్వాత మళ్లీ రాలేదు.

తరిగొప్పుల ఎంత దూరం? కారుంది, డ్రైవరున్నాడు. వెళ్లి చెబితే పిల్ల గోలీ వేసుకుంటుంది, బతుకుతుంది. నా పేరు పోతుంది. రెండింటిలో ఏది పెద్దదో తేల్చడానికి పరిశోధన ఏమీ అక్కర్లేదు. అయినా నేను ఇక్కడ కూర్చుని మీకు రాస్తున్నాను. మీకు చెప్పడం తేలిక. మీ అమ్మను నేను చంపలేదుగా.

రాసేశాక ఒళ్లు తేలికపడింది. చాలా రోజులకు ఆకలేసింది, పప్పూ అన్నం కలుపుకుని కడుపు నిండా తిన్నాను. ఇంత హాయిగా ఉంటుందని తెలిస్తే ఎప్పుడో రాసేదాన్ని. ఆ పిల్లకు మాత్రం ఇంకా నెత్తురు పోతూనే ఉండి ఉంటుంది.