తూనీగల ఇంటిపేరు

నిన్న సాయంత్రం కుటుంబ ప్రార్థనకు కూర్చున్నాం. తెనాలిలో రెండు రోజులుగా ముసురు పట్టింది. కీర్తన పాడడం అయిపోయి మా ఆయన ప్రార్థన మొదలుపెట్టగానే కిటికీకి కొట్టిన దోమల జాలీ మీద గరగరమని చప్పుడైంది. చాక్లెట్ బిళ్లకు చుట్టిన మెరుపు కాగితాన్ని నలిపితే వస్తుందే, అలాంటి పొడి చప్పుడు. కళ్లు తెరిచి చూశాను. తూనీగ. వెనకరెక్క మీద గోధుమరంగు మచ్చ, దాన్ని ఆనుకుని పాలచుక్క లాంటి తెల్లటి మరక. పగలంతా ఎక్కడో నక్కి సందెవేళకు బయటికొచ్చే రకం. ప్రార్థన మధ్యలో కళ్లు తెరవడం తప్పని మా నాన్న నేర్పారు. తప్పేం కాదని తర్వాత ఒకావిడ నేర్పారు. వాళ్లిద్దరూ ముఖాముఖి మాట్లాడుకున్న సాయంత్రం కూడా ఆకాశం ఇలాగే మబ్బేసి ఉంది.

ఆవిడ పేరు జ్ఞానసుందరి. ఎనభైల్లో నేను బాపట్లలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నప్పుడు మాకు జువాలజీ చెప్పేవారు. పొట్టి మనిషి, నేత చీర, పెద్ద నవ్వు. వరండా ఆ చివర నవ్వితే ఈ చివర క్లాసులో వినపడేది. లూథరన్ చర్చిలో పుట్టి పెరిగిన మనిషి. నేనూ అంతే. మా నాన్న రేపల్లె దగ్గర చిన్న ఊళ్లో సంఘానికి ఉపదేశి. పాస్టరుగారు నెలకోసారి వచ్చేవారు, మిగతా ఆదివారాలు ఆరాధన నడిపించేది నాన్నే. అందుకని నాకు ఊహ తెలిసేనాటికే ఇశ్రాయేలు గోత్రాలన్నీ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పడం వచ్చు. ఆ సంగతి మేడమ్‌కు ఎలా తెలిసిందోగాని మొదటి నెలలోనే నన్ను నిలబెట్టి, "ఏం సుజాతా, ఎడారిలో ఏ గోత్రం గుడారానికి ఏ పక్కన దిగిందో చెబుతావట. మన కాలేజీ వెనక గుంట మీద ఏ గోత్రం దిగిందో చెప్పు చూద్దాం" అన్నారు. క్లాసంతా నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ మధ్యాహ్నమే గుంట దగ్గరికి తీసుకెళ్లారు. ఎర్రటి తూనీగ ఒకటి గడ్డిపరక చివర వాలి ఉంది. వల ఒక్కసారి ఇలా తిప్పి పట్టి, రెక్కలు నాలుగూ కలిపి రెండు వేళ్ల మధ్య నొప్పి తగలకుండా పట్టుకున్నారు. "ముందు పెద్ద వాటాలు చూడు. వాలినప్పుడు రెక్కలు వీపు మీద ముడుచుకుంటే సూదితూనీగ. ఇలా చాపుకుని కూర్చుంటే తూనీగ. ఇప్పుడు కళ్లు చూడు, నడినెత్తిన రెండూ ఒకదాన్నొకటి తాకుతున్నాయా? ఎడంగా ఉంటే అది వేరే ఇంటిది. వాళ్లు పారే నీళ్ల మనుషులు. కొల్లూరు దగ్గర కృష్ణ ఒడ్డుకెళ్లి ఇసకలో వెతుక్కోవాలి. ఇప్పుడు ఈ భూతద్దం తీసుకుని వెనకరెక్క మొదలు చూడు. ఏం కనబడుతోంది?"

చూశాను. రెక్కలో ఈనెలన్నీ కలిసి ఒక బొమ్మ గీసినట్టున్నాయి. మడమ, పాదం, ముందుకు పొడుచుకొచ్చిన వేలు. "బూటండీ!" అన్నాను. మేడమ్ ఆ పెద్ద నవ్వు నవ్వారు. "అదీ ఇంటిపేరు! పుస్తకంలో దాన్ని లిబెల్లులిడే కుటుంబం అంటారు. ఒంటి రంగు ఏదైనా కానీ, రెక్కలో బూటు ఉంటే ఆ ఇంటివాళ్లే. రంగు చూసి మోసపోవద్దు. మన సంఘంలో మాత్రం అందరూ ఒక్క రంగున్నారా?" తర్వాత దాన్ని నా చేతికిచ్చి వదిలెయ్యమన్నారు. వేళ్లు తెరవగానే అది తిన్నగా మళ్లీ ఆ గడ్డిపరక మీదికే పోయి కూర్చుంది. గుంట మీద ప్రతి మగ తూనీగకూ అలా సొంత చోటు ఉంటుందని, దానికోసం పోట్లాడుకుంటాయని అప్పుడే తెలిసింది. "చర్చిలో మా పెద్దల బెంచీ లాగా" అన్నారు మేడమ్.

ఆ వల గురించి చెప్పాలి. పాత రోజుల్లో చర్చిలో కానుక పట్టడానికి పొడుగాటి కర్ర చివర మఖమల్ సంచి ఉండేది. నడవలో నిలబడే బెంచీ చివరి మనిషిదాకా చాపేవారు. పళ్లేలొచ్చాక ఆ కర్ర మూలపడితే మేడమ్ పాస్టరుగారిని అడిగి తెచ్చుకుని, చివరున్న ఇత్తడి కమ్మీకి దోమతెర గుడ్డ కుట్టించారు. కర్ర నునుపుగా, తేలిగ్గా ఉండి చేతిలో చక్కగా ఆడేది. పసుపు ఉడకబెట్టే రోజుల్లో ఒకసారి దుగ్గిరాల కాలువగట్టుకు వెళ్లాం. గాలంతా పచ్చిపసుపు వాసన. మేడమ్ కర్ర చాచి తూనీగ కోసం కదలకుండా నిలబడ్డారు. గడ్డిమోపు దించుకుంటున్న ముసలావిడ ఒకామె అది చూసి, చెంగుముడి విప్పి, రూపాయిబిళ్ల కళ్లకద్దుకుని వలలో వేసింది.

"అయ్యో, ఇది కానుక సంచి కాదమ్మా, తూనీగలు పట్టే వల" అన్నారు మేడమ్.

"కర్ర మన చర్చి గుడిదేగా అమ్మగారూ. నా చిన్నప్పటినించీ చూస్తన్నా, నాకు తెలవదా?"

"కర్ర గుడిదే. పని తూనీగలది."

"తూనీగల్ని మాత్రం ఎవరు చేశారంట? ఉంచండి" అని మోపెత్తుకుని చక్కా పోయింది. మేడమ్ ఆ బిళ్లను ఆదివారం చర్చిలో వేసి, దుగ్గిరాల సంఘస్థురాలి కానుక అని అందరికీ చెప్పి మరీ నవ్వించారు.

ఆవిడ దగ్గర నేను నేర్చుకున్న పని పద్ధతి ఒకటుంది. పురుగును తెస్తే ముందు పేరు అడిగేవారు కాదు, ఎక్కడిదని అడిగేవారు. ఏ నీళ్లు? నిలిచినవా, పారేవా? ఉప్పు తగులుతుందా? ఎండా, నీడా? బూటు ఇంటివాళ్లు ఎక్కువగా నిలవనీళ్లలో గుడ్లు పెడతారు. పిల్లలు నీళ్లలోనే పెరిగి, తర్వాత రెక్కలతో పైకి వస్తారు. అయితే ఒక ఇంటివాళ్లయినా తలా ఒక చోటు ఎంచుకుంటారు. నలుపూ తెలుపూ రెక్కలది వరిచేలల్లో తిరుగుతుంది. సీతాకోకలా పసుపూ నలుపూ మచ్చలతో తేలేది తామరగుంటల మీద. బూడిదరంగుది సిమెంటు తొట్టి అంచున గోడను కరుచుకుని ఉంటుంది, కదిలితే తప్ప కనబడదు. ఒకసారి తెనాలి వెళితే నారింజరంగు రెక్కలది మురుగుకాలువ మీద గుంపులుగా వాలి ఉంది. నేను ముక్కు మూసుకుంటే మేడమ్, "మనం పాడుచేసిన నీళ్లను కూడా ఆయన ఖాళీగా వదల్లేదు చూశావా?" అన్నారు. ఆ మాట ఎన్నో ప్రసంగాలకంటే లోతుగా దిగింది నాలో.

ఆఖరి సంవత్సరానికి వచ్చేసరికి ఎమ్మెస్సీ చదవాలన్న ఆశ బలపడింది. నాన్న ఒప్పుకోలేదు. డిగ్రీ కాగానే బీఈడీ చేసి దగ్గర్లో ఏదో మిషన్ స్కూల్లో చేరమన్నారు. ఆయన కోప్పడే మనిషి కాదు. నెమ్మదిగానే చెప్పారు. "ఆ చదువు పైకి పోయేకొద్దీ మనిషికి అన్నీ తెలిసిపోతాయంటమ్మా. అన్నీ తెలిసినోడికి ఇక దేవుడితో పనేముంది? మెట్రిక్‌లో నాతో చదివినవాడు ఒకడు అలాగే అయ్యాడు. నిన్ను పోగొట్టుకోలేను." నాన్న మాట దాటి చదవడం నావల్ల కాదు, ఆ ఆశ చంపుకోవడమూ నావల్ల కాలేదు. మేడమ్‌తో చెప్పి ఏడిస్తే, "మీ ఊళ్లో కూటాలెప్పుడు? నన్ను పిలువు. మీ నాన్నగారిని చూడాలి" అన్నారు.

అక్టోబరు చివర మా ఊళ్లో ఉజ్జీవ కూటాలు జరిగాయి. చేల పక్కన తాటాకు పందిరి. వరి పాలుపోసుకుంటోంది. ఎక్కడినించో వచ్చిన ప్రసంగీకుడు ఆ సాయంత్రం మిడతల దండు గురించి చెప్పారు. ఐగుప్తు మీద పడ్డ మిడతలు, ప్రవక్త చూసిన మిడతలు, పచ్చనిదన్నది మిగల్చని మిడతలు. ఆయన చెబుతుంటే రైతులంతా పక్కనున్న చేలవైపు చూసుకున్నారు. తర్వాత అందరూ మోకాళ్లూని కళ్లు మూసుకున్నారు. ప్రార్థన సాగుతోంది. తూర్పున మబ్బు కమ్మింది. నెత్తిమీద సన్నటి గరగర మొదలై, చూస్తుండగానే పందిరి చుట్టూ అలుముకుంది.

ఎవరో పసిపిల్ల, "అమ్మా, మిడతలే!" అని కేక పెట్టింది.

"కళ్లు ముయ్యవే ముందు!" అంటూ తల్లి దాని తల వంచేసింది.

ఆ మాట వేదిక మీదికి వినపడింది. ప్రసంగీకుడు కళ్లు తెరవకుండానే గొంతు పెంచి, "ప్రభువా, వచ్చేశాయి తండ్రీ!" అన్నారు. ఇక చూడాలి, పందిరంతా ఏడుపు. ఒకాయన తాగుడు మానేస్తానని మొక్కుకుంటున్నాడు. ఇంకొకాయన అన్నదమ్ముడి పొలంలోకి గట్టు జరిపిన సంగతి దేవుడికి గట్టిగా ఒప్పుకుంటున్నాడు. పక్కనే ఆ అన్నదమ్ముడు శ్రద్ధగా వింటున్నాడు. ఒక్కరంటే ఒక్కరు కళ్లు తెరవరు. ప్రార్థనలో తెరవకూడదు కదా.

తెరిచి ఉన్నవి మేడమ్ కళ్లే. ఆవిడ ఎప్పుడూ అలాగే ప్రార్థించేవారు. చూడమని ఇచ్చినవాటిని మూసుకుని స్తుతించడమేమిటనేవారు. నన్ను మోచేత్తో పొడిచి, "సుజాతా, పైకి చూడు. ఇంటిపేరు చెప్పు" అన్నారు.

చూశాను. వేలకొద్దీ పసుపు తూనీగలు, వానకు ముందు కిందికి దిగి, అన్నీ ఒకే దిక్కుకు పోతున్నాయి. "బూటువాళ్లు మేడమ్. మీరు చెప్పండి వాళ్లకి."

"నేను చుట్టాన్ని. మీ సంఘానికి నువ్వే చెప్పాలి."

వేదిక మీద నాన్న ఉన్నారు. ప్రార్థన మధ్యలో ఆడపిల్ల లేచి మాట్లాడడం మా దగ్గర లేదు. కానీ ప్రార్థన ఆగడానికి మా దగ్గర ఒక మాట ఉంది. ఊపిరి పీల్చుకుని, ఉన్న గొంతంతా పెట్టి "ఆమేన్!" అన్నాను.

"ఆమేన్!" అంది సంఘమంతా, అలవాటు చొప్పున. అందరూ కళ్లు తెరిచారు. ప్రసంగీకుడు ఒక్కరే వాక్యం మధ్యలో మిగిలిపోయారు.

"అవి మిడతలు కావండీ, తూనీగలు!" అన్నాను.

అందరూ తలలెత్తి పైకి చూశారు. తర్వాత వెనకనించి ఒక ముసలి రైతు, "ఓర్నీ, తూనీగలంట్రా! ఇయి దోమల్ని తింటాయిగానీ చేనుని తింటాయంట్రా!" అన్నాడు. పందిరి నవ్వులతో ఊగిపోయింది. గట్టు సంగతి ఒప్పుకున్నాయన మాత్రం నవ్వలేదు. ప్రసంగీకుడు మంచివాడు, తనూ నవ్వేసి, "మన ప్రార్థన విని ప్రభువు మిడతల్ని తూనీగలుగా మార్చాడు!" అన్నారు. "స్తోత్రం!" అన్నారు జనం.

"అంత తొందరగా ఇంటిపేరు మారదులెండి అయ్యగారూ" అన్నారు మేడమ్, ముందు వరసకు వినపడేట్టుగా.

కూటం ముగిశాక ముగ్గురం మా ఇంటి అరుగు మీద కూర్చున్నాం. అమ్మ టీ తెచ్చింది. ప్రార్థన చెడగొట్టిన దాన్ని కాబట్టి నేను తల ఎత్తలేదు. నాన్న ఆకాశం వైపే చూస్తున్నారు. తూనీగలు ఇంకా పోతూనే ఉన్నాయి, నిజాంపట్నం వైపు.

"అటు సముద్రమే కదండీ. వాలడానికి చోటుండదు. ఎక్కడికి పోతాయి ఇవన్నీ?" అని అడిగారు మేడమ్‌ను.

"తెలీదండి ఉపదేశిగారూ."

నాన్న గ్లాసు కింద పెట్టారు. "మీకు తెలీదా?"

"నాకే కాదండి. నేను చదివినంతలో ఇంకా ఎవరికీ తెలిసినట్టు లేదు. పంపినాయనకు తెలుసు."

"తెలీదని పిల్లలకి కూడా చెబుతారా?"

"రోజూ చెబుతానండి. అన్నీ తెలుసంటే ఇక వాళ్లు చెయ్యడానికి పనేం మిగుల్తుంది?"

నాన్న గ్లాసు మళ్లీ ముట్టలేదు. టీ చల్లారిపోయింది. ఆయన ముఖంలో ఏళ్లుగా ఉన్న బిగువు సడలడం నేను చూశాను. చివరికి ఆయన అడిగింది ఒక్కటే: "ఆ యూనివర్సిటీ దగ్గర మన చర్చి ఉందా అండీ?"

"నడిచిపోయేంత దూరంలో ఉందండి" అన్నారు మేడమ్. నాన్న నావైపు తిరిగి, "అయితే వెళ్లమ్మా. వెళ్లి కనుక్కో" అన్నారు.

వెళ్లాను. చదివాను. తొంభైల్లో తెనాలిలో లెక్చరర్‌గా చేరాను. ఆ తూనీగలు గాలిని పట్టుకుని సముద్రం దాటి ఆఫ్రికాదాకా పోతాయని చాలా ఏళ్ల తర్వాత చదివినప్పుడు మేడమ్‌కు చెబుదామంటే ఆవిడ లేరు. అప్పటికే ప్రభువునందు నిద్రించారు. నాన్నకు చెప్పాను. మంచంలో ఉన్న మనిషి లేచి కూర్చుని, "అంత దూరం నీళ్ల మీద దారెలా తెలుస్తుందే వాటికి?" అన్నారు.

"అది ఇంకా తెలీదు నాన్నా" అన్నాను.

ఆయన నవ్వి, తృప్తిగా మళ్లీ పడుకున్నారు. క్లాసులో ఏ పిల్లో లేచి నాకు రాని ప్రశ్న వేసినప్పుడు ఇప్పటికీ నేను తడుముకోను. "తెలీదమ్మా" అంటాను. ఆ మాట అన్నప్పుడల్లా మోకాళ్లూనినంత నెమ్మది కలుగుతుంది నాకు.